బోనులో చూసిన కుక్క, ఇంటికొచ్చిన కుక్క: షెల్టర్ నుంచి దత్తత తీసుకున్న నా అనుభవం

మార్చి మొదటి వారంలో, దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్‌లో అప్లికేషన్ పెట్టాం. మే నెల రెండో శనివారం జూలీ మా ఇంటికి వచ్చింది. దాని వయసు సుమారు రెండేళ్లుంటుందని డాక్టరు పళ్లు చూసి చెప్పారు. జాతి ఏమిటంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. గోధుమరంగు ఒళ్లు, నల్లటి మూతి, ఒక చెవి నిక్కబొడుచుకుని, ఇంకొకటి సగానికి వాలిపోయి ఉంటుంది. షెల్టర్ నుంచి మిక్స్‌డ్ బ్రీడ్ (జాతులు కలిసిన) కుక్కను తెచ్చుకోవాలనుకునే వాళ్లు ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. వెళ్లి, నచ్చినదాన్ని చూసుకుని, అదే రోజు తెచ్చుకోవచ్చా అని. మా విషయంలో రెండు నెలలు దాటింది. ఎక్కడెక్కడ ఆలస్యమైందో, ఏం చూసి ఎంచుకున్నామో, వచ్చాక ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

అప్లికేషన్ చాలా పొడుగ్గా ఉంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పిల్లల వయసెంత, కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉండాల్సి వస్తుంది, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా, మీరు ఊరెళితే ఎవరు చూసుకుంటారు, ఇంతకుముందు పెంచిన జంతువులు ఏమయ్యాయి. ఇవన్నీ గబగబా రాసేశాను. చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘ఏ పరిస్థితి వస్తే మీరు ఈ కుక్కను వెనక్కి ఇచ్చేస్తారు?’ మా ఆయనా నేనూ ఆ రాత్రి చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. పాపను కరిస్తే? ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే? అత్తయ్య గారికి అసలు పడకపోతే? కుక్కను చూడకముందే ఈ మాటలు అనుకోవడం ఎంతో మేలు చేసింది.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. తర్వాతి వారం ఒకావిడ ఇల్లు చూడటానికి వచ్చారు. నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది, ఏం తప్పులు పడతారో అని. ఆవిడ అలాంటి పని ఏమీ చేయలేదు. బాల్కనీ ఊచల మధ్య సందు చేత్తో కొలిచి చూశారు, వంటింట్లో చెత్తబుట్టకు మూత ఉందా అని అడిగారు, వీధి తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో కనుక్కున్నారు. తర్వాత అత్తయ్య గారి పక్కన కూర్చుని, ‘‘అమ్మా, మీకు ఇష్టమేనా?’’ అని ఆమెనే సూటిగా అడిగారు. ఆ మాట మేం అంతవరకూ అంత సూటిగా అడగలేదు. ‘‘చిన్నప్పుడు కుక్క తరిమి కరిచిందమ్మా. పిల్ల ముచ్చట పడుతోందని సరే అన్నాను. మీదికి ఎగిరే కుక్క మాత్రం వద్దు’’ అన్నారు అత్తయ్య గారు. మాకు ఏ కుక్క సరిపోతుందో తేల్చింది ఈ ఒక్క మాటే.

మార్చి నెలాఖరు ఆదివారం మొదటిసారి షెల్టర్‌కు వెళ్లాం. లోపలికి అడుగు పెట్టగానే ఒక కుక్క మొరిగింది, ఆ వెంటనే వరస మొత్తం అందుకుంది. పాప రెండు చెవులూ మూసుకుంది. ఫినాయిల్ వాసన, తడి నేల, రెండు పక్కలా జాలీ తలుపులు, ప్రతి తలుపు వెనకా ఒక ముఖం. ఒక్కో తలుపు దాటుతుంటే దాన్ని వద్దనుకుని వెళ్లిపోతున్నట్టే ఉంటుంది. ఇది ముందే తెలిసి వెళ్లడం మంచిది. నేను ఆ రోజు సగం దూరం వెళ్లేసరికే ఏడ్చేశాను.

కుక్కపిల్లల గది దగ్గర జనం ఎక్కువ. మేమూ కాసేపు అక్కడే నిలబడ్డాం. మాతో వచ్చిన వాలంటీర్ అమ్మాయి వద్దనలేదు కానీ ఉన్నదున్నట్టు చెప్పింది. కుక్కపిల్లను రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి, రాత్రుళ్లూ లేవాలి. వాటికి 16 వారాల వయసు వచ్చేదాకా వ్యాక్సిన్లు విడతలుగా పడుతూనే ఉంటాయి. తల్లీదండ్రీ ఏవో తెలియదు కాబట్టి పెద్దయ్యాక ఎంత సైజుకు వస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పాదాలు పెద్దగా ఉంటే పెద్ద కుక్క అవుతుందనే మాటను నమ్ముకోవద్దంది. మా ఇద్దరివీ ఉద్యోగాలు. ఎదిగిన కుక్కే కావాలని అక్కడికక్కడే అనుకున్నాం.

ప్రతి బోనుకూ ఒక కాగితం తగిలించి ఉంది. మొదటి లైన్‌లో జాతి. ‘లాబ్రడార్ మిక్స్’, ‘షెపర్డ్ మిక్స్’ ఇలా. నేను లాబ్రడార్ అని ఉన్నవాటి దగ్గరే ఆగుతున్నాను, పిల్లలతో మెత్తగా ఉంటాయని పేరు కదా. ‘‘అది మేం చూసి రాసిన అంచనా అక్కా, టెస్టు చేసి రాసింది కాదు’’ అంది ఆ అమ్మాయి. ఇంటికొచ్చి దీని గురించి చదివాను. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 18,000కు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగి తెలుసుకున్నారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వల్ల వచ్చేది 9 శాతం దాకానే అని తేలిందట. పైగా మిక్స్‌డ్ కుక్కలను చూసి చెప్పే జాతి పేరు డీఎన్‌ఏ టెస్టులో చాలాసార్లు తప్పని తేలుతుంది. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా మేం ఆ కాగితంలో మొదటి లైన్ వదిలేసి కింది లైన్లు చదవడం మొదలుపెట్టాం. ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంది, ఎలా వచ్చింది, వేరే కుక్కలతో ఎలా ఉంటుంది, ఒంట్లో ఏమైనా సమస్యలున్నాయా అనేవి.

మా పాప మనసు టైగర్ అనే కుక్క మీద పడింది. పెద్దది, అందమైనది, జాలీ మీదికి ముందు కాళ్లు వేసి తోక ఊపుతూ పిలుస్తుంది. దాన్ని ఆవరణలోకి తీసుకొచ్చారు. బోనులో చెవులు పగిలేలా మొరిగిన కుక్క బయట పావుగంట వాసన చూసుకుని, తర్వాత బంతి తెచ్చి పాప కాళ్ల దగ్గర పెట్టింది. నాకు కూడా చాలా నచ్చింది. కానీ సంతోషం పట్టలేక మా ఆయన భుజాల మీదికి ఎగిరింది, ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ‘‘దీనికి రోజూ గంటైనా పరుగు ఉండాలి. చాలా మంచిది, కానీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారు కదా’’ అంది వాలంటీర్ అమ్మాయి. వద్దని చెప్పి వచ్చేశాం. దారిలో పాప ఒక్క మాట మాట్లాడలేదు. ఇది రాస్తున్న రోజుకు టైగర్ ఇంకా అక్కడే ఉంది. రోజూ పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఇలాంటి కుక్కలను అడిగి చూడాలని నా కోరిక, ఎందుకంటే అవి బోనులో గోల చేస్తాయి కాబట్టి జనం ఆగకుండా వెళ్లిపోతున్నారు.

దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఒక చిన్న తెల్ల కుక్క ఉండేది. మూలకు నక్కి వణుకుతూ ఉంటుంది. దాన్ని చూస్తే ఎవరికైనా ఎత్తుకుని తీసుకెళ్లిపోవాలనిపిస్తుంది. దానికి తోడుగా ధైర్యమైన ఇంకో కుక్క ఉన్న ఇల్లు, పిల్లల సందడి లేని ఇల్లు కావాలని చెప్పారు. జాలి పడి తీసుకెళ్తే దానికే కష్టమని అర్థమైంది.

జూలీని నేను రెండు వారాల పాటు గమనించనే లేదు. అది మొరగదు, తలుపు దగ్గరికి పరిగెత్తి రాదు. ఏప్రిల్ రెండో వారంలో ఆ అమ్మాయే అంది, ‘‘అక్కా, మీరు చెప్పినదంతా విన్నాక నాకు జూలీ గుర్తొస్తోంది, ఒకసారి చూడండి’’ అని. కాగితం మీద ‘తిరిగి వచ్చింది’ అని ఉంది. ఒకసారి ఎవరో తీసుకెళ్లి, నాలుగు నెలల తర్వాత వెనక్కి ఇచ్చారు. చూడగానే గుండె జారింది. కారణం అడిగితే వెనక్కి ఇచ్చినప్పుడు వాళ్లు రాసిన ఫారమే చూపించారు. ఇల్లు మారుతున్నామని, కొత్త ఇంట్లో కుక్కలను ఒప్పుకోలేదని రాశారు. కింద, ‘పిల్లలతో బాగుంటుంది, ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది’ అని ఉంది. నిజానికి జూలీ గురించి మాకు దొరికిన అన్నిటికన్నా ఉపయోగపడే సమాచారం ఇదే. ఇంట్లో ఉండి వచ్చిన కుక్క గురించి ఇంటి కబురు ఉంటుంది. వెనక్కి వచ్చిందని దాటి వెళ్లకుండా ఆ ఫారం అడిగి చదవండి.

ఆవరణలో మమ్మల్ని కింద కూర్చోమన్నారు, పిలవద్దన్నారు. జూలీ మమ్మల్ని అసలు పట్టించుకోలేదు. కంచె వెంట పొడుగునా వాసన చూసుకుంటూ వెళ్లింది. పది నిమిషాలకు మా ఆయన వెనక నుంచి వచ్చి, మోచేతిని ముక్కుతో ఒకసారి తాకి, పక్కకు వెళ్లి కూర్చుంది. అప్పుడే వాలంటీర్ అమ్మాయి మాకు కొన్ని చూపించింది. ఒళ్లు వదులుగా ఉండి, నోరు కాస్త తెరిచి, తోక వీపు ఎత్తులో మెల్లగా ఊగుతుంటే హాయిగా ఉన్నట్టు. తిండి ఏమీ లేకుండానే పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం, ముఖం పక్కకు తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం ఉంటే, దానికి ఇబ్బందిగా ఉంది, కాస్త దూరం ఇవ్వమని అర్థం. తోక ఊపుతోంది కదా అని ముట్టుకోవద్దంది.

ఇంతలో ఎవరి చేతిలోంచో స్టీలు గిన్నె జారి సిమెంటు మీద పడింది. జూలీ ఉలిక్కిపడి గోడ దాకా పరిగెత్తింది. నాకు భయమేసింది, ఇంత పిరికిదా అని. ‘‘భయపడిందా అని చూడకండి అక్కా, ఎంతసేపట్లో తేరుకుంటుందో చూడండి’’ అంది ఆ అమ్మాయి. అర నిమిషం అయిందేమో. జూలీ మెడ సాచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, గిన్నె వాసన చూసి, ఒళ్లంతా ఒకసారి విదిలించుకుని మళ్లీ మా దగ్గరికి వచ్చింది. ఆ విదిలించుకోవడం చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాతి వారం అత్తయ్య గారిని తీసుకెళ్లాం. ఆమె కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. జూలీ ఆమె చెప్పులు వాసన చూసి, కొంచెం దూరంలో పడుకుంది. కాసేపయ్యాక, ‘‘ఇది నా జోలికి రాదులే’’ అన్నారు. మాకు అది చాలు.

ఒక మాట. ఆఫీసు గదిలో ఉన్నవాళ్లతో పాటు, రోజూ బోనులు కడిగేవాళ్లను, తిండి పెట్టేవాళ్లను తప్పకుండా అడగండి. ‘మంచిదేనా, ఫ్రెండ్లీనా’ అంటే అందరూ అవుననే అంటారు. పోయిన వారం ఇది ఏం చేసిందో చెప్పమని అడగాలి. తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికెళ్తే ఏం చేసింది, బెల్టు పట్టుకుంటే లాగుతుందా, పాదాలు ముట్టుకోనిస్తుందా, బండిలో కక్కుతుందా, ఎవరిని చూసి భయపడుతుంది. బోను కడిగే అతను నా ప్రశ్న వినగానే, ‘‘చీపురు చూస్తే మూలకు పోతుందమ్మా, నేను ముందు దాన్ని బయటికి పంపి ఊడుస్తాను’’ అన్నాడు. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఎంచుకున్నాక వెంటనే ఇవ్వలేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అవ్వాలి, కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి, పిడుదుల జ్వరానికీ, గుండెపురుగుకూ రక్తపరీక్ష చేయాలి. మొత్తం మూడు వారాల పైనే పట్టింది. మధ్యలో ఇంకో కుటుంబం కూడా జూలీని అడిగిందని తెలిసి ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. మా అప్లికేషన్ ముందుది కాబట్టి మాకే ఇచ్చారు. ఆదివారాలు వెళ్లి దాన్ని నడిపించుకుని వచ్చేవాళ్లం. మా పాత దుప్పటి ఒకటి బోనులో పెట్టమని వాళ్లే సలహా ఇచ్చారు, మా వాసన అలవాటు కావడానికి.

ఖర్చుల విషయానికొస్తే, షెల్టర్ ఫీజు అన్నిటికన్నా చిన్నది. ఆపరేషన్, వ్యాక్సిన్లు, గుర్తింపు చిప్ అందులోనే వచ్చేశాయి. అసలు ఖర్చు మొదటి నెలలో. హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీ), రెండు బెల్టులు, లోపల పడుకోవడానికి పెద్ద క్రేట్, డాక్టర్ ఫీజు, మందులు, నెలనెలా పిడుదులకు వేసే చుక్కల మందు, తర్వాత ట్రైనర్. ఇవన్నీ ముందే లెక్క వేసుకోండి, కొంత డబ్బు విడిగా పెట్టుకోండి.

తీసుకొచ్చిన రోజు రెండు బెల్టులు వేయమన్నారు, ఒకటి హార్నెస్‌కు, ఒకటి మెడ పట్టీకి. కొత్త చోట బెదిరి, పట్టీలోంచి తల లాక్కుని పారిపోయే కుక్కలు మొదటి రోజుల్లోనే ఎక్కువట. దారిలో కక్కుతుందని ముందే తెలుసు కాబట్టి పాత టవళ్లు పరిచాం. మేం అనుకోనిది మెట్లు. మాది రెండో అంతస్తు. జూలీ మొదటి మెట్టు దగ్గర ఆగి, దాన్ని వాసన చూసి, కూర్చుండిపోయింది. మెట్టు ఎక్కడం దానికి తెలియదు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్న చప్పుడుకు వెనక్కి లాగేసింది. చివరికి మా ఆయనే ఎత్తుకుని పైకి తెచ్చారు.

ఆ రోజు అది ఏమీ తినలేదు. సోఫా వెనక దూరి పడుకుంది. మర్నాడు పొద్దుటి దాకా ఒంటికి కూడా పోలేదు. నేను రాత్రంతా లేచి లేచి చూశాను. షెల్టర్‌కు ఫోన్ చేస్తే, మొదటి రోజు ఇలా ఉండటం మామూలే, నీళ్లు తాగుతోందా చూడండి, రెండో రోజు కూడా ముద్ద ముట్టకపోతే డాక్టరుకు చూపించండి అన్నారు. మర్నాడు సాయంత్రం అందరం వేరే గదిలోకి వెళ్లాక తినేసింది. షెల్టర్‌లో పెట్టే తిండే కొంత అడిగి తెచ్చుకున్నాం, వారం పైన పట్టేలా కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాం.

అయిదో రోజు అర్ధరాత్రి దగ్గు మొదలైంది. గొంతులో ఎముక ఇరుక్కుంటే కక్కడానికి చూస్తున్నట్టుగా దగ్గు, చివర్లో తెల్లటి నురగ. నోరు తెరిచి చూస్తే ఏమీ లేదు. పొద్దున్నే పరిగెత్తాం. కెన్నెల్ కాఫ్ అన్నారు డాక్టరు. చాలా కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు అంటుకుంటుంది, అంటుకున్నాక దగ్గు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు. షెల్టర్‌లో బాగానే ఉన్నది ఇంటికొచ్చాక దగ్గడం అందుకే. మెడ పట్టీ తీసేసి హార్నెస్‌తోనే నడిపించమన్నారు, మెడ మీద ఒత్తిడి పడితే దగ్గు ఎక్కువవుతుందని. వేరే కుక్కల దగ్గరికి తీసుకెళ్లొద్దన్నారు. రెండు వారాల్లో తగ్గింది. మలం పరీక్షలో కొంకిపురుగులు కూడా కనిపించాయి, మాత్రలు ఇచ్చారు. మొదటిసారి వెళ్లేటప్పుడే తాజా మలం చిన్న డబ్బాలో తీసుకెళ్తే మళ్లీ తిరగక్కర్లేదు.

రెండో వారం నా మనసు ఏం బాగోలేదు. నిద్ర లేదు, ఇల్లంతా వాసన, తివాచీ పాడైంది. పాప బంతి పట్టుకుని వెళ్తే జూలీ లేచి వేరే గదిలోకి పోయేది. ‘‘అమ్మా, టైగర్ అయితే ఆడేవాడు’’ అని పాప అంటే నాకు దుఃఖం వచ్చింది. ఎందుకు తెచ్చానా అనిపించింది. ఇలా అనిపించడం చాలామందికి ఉంటుందని వాలంటీర్ అమ్మాయి చెప్పాక కొంచెం స్థిమితపడ్డాను. షెల్టర్ వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకోవడం. ప్రతి కుక్కా అలాగే నడవాలని లేదు, కానీ మాకు దాదాపు అలాగే జరిగింది.

మూడో వారం ఒక మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. జూలీ మొరిగింది. అందరం ఉలిక్కిపడ్డాం, దాని గొంతు మేం వినడం అదే మొదటిసారి. బోనులో నిశ్శబ్దంగా ఉన్న కుక్కకు ఇంత గొంతుందా అని. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పిల్లి కనిపిస్తే చెయ్యి ఊడేలా లాగుతుంది. పాప పడుకున్నాక మంచం పక్కన చేరుతుంది. ఒంటరిగా వదిలితే, ఫారంలో రాసినట్టే, ఏడుస్తుంది, తలుపు గీరుతుంది. షెల్టర్‌లో చూసిన నెమ్మదిలో సగం దాని స్వభావం, సగం బెదురు. రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, అక్కడ విడదీసి చూడటం కుదరదు. అందుకే దాన్ని రోజూ చూసేవాళ్ల మాటకూ, అది ఉండి వచ్చిన ఇంటి కబురుకూ అంత విలువ.

ఏడుపు కోసం ట్రైనర్‌ను పిలిచాం. కొట్టకుండా, అరవకుండా నేర్పేవాళ్లేనా అని ముందే అడిగి తెలుసుకున్నాం. మొదట తలుపు వేసి వెంటనే తెరవడం, తర్వాత ఒక నిమిషం, అయిదు నిమిషాలు, అరగంట. ఏడుపు మొదలవకముందే తిరిగి రావాలి, అదే కష్టం. ఆ వారాల్లో మా ఆయన మధ్యాహ్నాలు ఇంటి నుంచే పని చేశారు. ఇప్పుడు సెప్టెంబర్, మూడు గంటల దాకా ఉండగలుగుతోంది. పొద్దున్న దానికి తలుపు తీసేది అత్తయ్య గారే. చీపురు భయం చాలావరకు తగ్గింది, అయినా ఊడ్చే ముందు దాన్ని బాల్కనీలోకి పంపిస్తాం.

చిప్ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్పాలి. భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత ఉంటుంది. కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ పెట్టినప్పుడు 15 అంకెల నంబర్ చూపిస్తుంది, అంతే. ఆ నంబర్‌కు ఎవరి ఫోన్ రాసి ఉందో అదే ముఖ్యం. మాకు ఇచ్చేటప్పటికి అది షెల్టర్ పేరు మీదే ఉంది. మేమే అడిగి, ఫారం నింపి, మా ఇద్దరి నంబర్లూ ఎక్కించుకున్నాం. తర్వాత డాక్టరు దగ్గర స్కాన్ చేయించి సరిచూసుకున్నాం.

షెల్టర్ వాళ్లు ఆరు నెలలకు ఒకసారి ఇంటికి వచ్చి చూస్తామన్నారు, అంటే నవంబర్‌లో. వ్యాక్సిన్ మళ్లీ వచ్చే ఏడాది. లిఫ్ట్ మాత్రం ఇంకా ఎక్కదు. ట్రైనర్ చెప్పినట్టు రోజూ సాయంత్రం తలుపు తెరిచి ఉంచి, లోపల బిస్కెట్ ముక్క పెడుతున్నాం. ముందు కాళ్లు రెండూ లోపల పెట్టేదాకా వచ్చింది.